జీరో సీసాలో నిమ్మగింజ

ఖమ్మం మిర్చి యార్డులో మనిషిని చంపడం చాలా తేలిక. అక్కడ ఎవరి ముఖమూ ఎవరికీ కనపడదు. రైతు, హమాలీ, దళారి, కాంటా వేసేవాడు, అందరూ ముక్కూ మూతీ తువ్వాలుతో కట్టుకుని తుమ్ముకుంటూ తిరుగుతుంటారు. ఆ గుంపులోకి హంతకుడు కూడా తువ్వాలు కట్టుకుని వస్తే అనుమానించే నాథుడెవడు?

ఏప్రిల్ మూడో వారం, సోమవారం, పొద్దున పదకొండు గంటలు. ఆహార కల్తీని పట్టుకునే శాంపిల్ ఆఫీసర్ కోటేష్ చంకలో తోలుసంచితో తేజ మిర్చి బస్తాల మధ్య గబగబా నడుస్తున్నాడు. వెనక నుంచి ఎవరో భుజం తగిలించారు. "సారీ అన్నా" అని మర్యాదగా చెప్పారు కూడా. కోటేష్ పది అడుగులు వేశాడు. ఒళ్లంతా చెమటలు కమ్మాయి, మోకాళ్లు వణికాయి, పక్కనున్న బస్తా మీదికి ఒరిగిపోయాడు. జనం మూగేసరికి చంకలో సంచి లేదు.

ఆటోలో దవాఖానాకు చేర్చినప్పుడు కొన ఊపిరి ఉంది. నర్సు వేలు గుచ్చి చూస్తే షుగర్ పద్దెనిమిది, డెబ్భైకి తగ్గితేనే ప్రమాదం. పావుగంటలో ప్రాణం పోయింది. డ్యూటీ డాక్టరు గుండెపోటు అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ పద్దెనిమిది అంకె మాత్రం సాయంత్రానికల్లా ఇంకొకరి చెవిన పడింది.

ఆ ఇంకొకరు సునంద. సెక్షన్ ఫోర్ అనే రహస్య నిఘా విభాగానికి చీఫ్. పేరూ బోర్డూ లేని ఆ ఆఫీసు ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ కింది గదిలో నడుస్తుంది. పైన నాలుగు వందల మంది పిల్లలు గొంతెత్తి ఫిజిక్స్ వల్లె వేస్తుంటే, కింద చెప్పుకునే రహస్యాలు బయటికి ఎలా పోతాయి?

"కూర్చో జంపయ్యా. ఆ చెయ్యేంటి?"

జంపయ్య కుడిచెయ్యి మోచేతి దాకా కందిపోయి ఉంది. అతన్ని చూస్తే గూఢచారి అని ఎవరూ అనుకోరు. అదే అతనికున్న అసలు అర్హత. నలభై ఒక్క ఏళ్లు, చిన్న బొజ్జ, చేతిలో ఎప్పుడూ విత్తనాల కంపెనీ బ్యాగు. మణుగూరు బొగ్గుగని కాలనీలో పుట్టి పెరిగాడు. కన్నతల్లికి కూడా విత్తనాల ఏజెంటుగానే తెలుసు.

"కోటేష్ పడిపోయిన బస్తాలో చెయ్యి పెట్టి వెతికాను మేడం. ఊరికే పడిపోయే మనిషి కాదు వాడు. ఇదిగో."

టేబుల్ మీద ఒక సీసా పెట్టాడు. ఆకుపచ్చ లేబుల్ మీద 'హల్కా జీరో. చక్కెర లేదు, చింత లేదు' అని ఉంది. చచ్చిపోతూ కూడా కోటేష్ దాన్ని మిరపకాయల్లోకి దోపి, ఖాళీ సంచిని దొంగకు వదిలేశాడన్నమాట.

సునంద డ్రాయర్‌లోంచి లావుపాటి పెన్ను తీసి, దాని ములికిని సీసాలో ముంచింది. ఎర్రలైటు వెలిగింది.

"కొత్త గాడ్జెట్. ఆకుపచ్చ వెలిగితే చక్కెర. పసుపు వెలిగితే మార్కెట్లో దొరికే మామూలు డైట్ తీపి. ఎరుపు వెలిగితే, మార్కెట్లోకి ఎప్పుడూ రాని సరుకు."

"లేబుల్ మీద ఆ మామూలు డైట్ తీపి పేరే, ఆస్పర్టేమ్ అని ఉంది."

"అబద్ధం. ఆస్పర్టేమ్ మీద అనుమానాలు ఎప్పటినుంచో ఉన్నాయి. క్యాన్సర్ రావచ్చేమో, రుజువు చాలదు అని ఒక కమిటీ రాసింది. రోజుకు ఇంతకు మించకపోతే భయం లేదని ఇంకో కమిటీ రాసింది. బరువు తగ్గుతామని ఇలాంటి తీపుల మీద ఆధారపడకండని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ కేసు ఇంకా నడుస్తోంది, అది మనది కాదు. కానీ ఆస్పర్టేమ్‌కు వేడి పడదు. మీ మణుగూరు ఎండకు రేకుల షెడ్డులో నెలల తరబడి పెడితే దాని తీపి చచ్చిపోతుంది. ఈ సీసాలు మూడు నెలలుగా రేకుల కిందే ఉన్నాయి. తీపి రవ్వంత తగ్గలేదు. కోటేష్‌కు అక్కడే అనుమానం వచ్చిందని వాడి ఆఫీసు ఫైల్లో ఉంది."

"మరి లోపలున్నదేంటి?"

"కె-నైన్. ఎలుకల మీద పరీక్షల దగ్గరే ఆపేసిన తీపి. ఆర్బిస్ అని ఒక విదేశీ ముఠా ఉంది. సొంత దేశంలో మనుషుల మీద చేయలేని ప్రయోగాలు ఇంకో దేశంలో దొంగతనంగా చేసిపెట్టడం వాళ్ల వ్యాపారం. డాక్టర్ క్రేగ్ అనేవాడు హెల్త్ క్యాంపు పేరుతో మీ గని దగ్గర ఈ సీసాలు ఉచితంగా పంచుతున్నాడు. వారానికోసారి వేలు గుచ్చి రక్తం తీసుకుంటున్నాడు." సునంద ఒక్క క్షణం ఆగింది. "కె-నైన్ ఒంట్లో చక్కెరను కిందికి లాగుతుంది. మామూలు మనిషి కొంత తట్టుకుంటాడు. షుగర్ బిళ్లలు వేసుకునేవాడికి డోసు పెరిగితే, పడిపోతాడు. లేవడు. కోటేష్‌కు సూదితో ఎక్కించింది కూడా అదే అని నా అనుమానం."

జంపయ్య సీసాను దూరంగా నెట్టాడు. "మా అన్న మంగయ్య అక్కడే డంపర్ ఆపరేటర్ మేడం, బొగ్గు మోసే పెద్ద లారీ నడుపుతాడు. ఏడేళ్లుగా షుగర్. రెండు పూటలా బిళ్లలు. హల్కా తాగితే షుగర్ తగ్గుతుందని రోజూ తాగుతున్నాడు."

"అందుకే నిన్ను పంపిస్తున్నాను. అందుకే నిన్ను పంపించడానికి భయపడుతున్నాను కూడా. సొంత మనిషి ఉన్నచోట బుద్ధి సరిగా పనిచేయదు." ఒక ఫోటో ముందుకు తోసింది. పొడుగాటి మనిషి, చిలకాకుపచ్చ పట్టుచీర, ముత్యాల కమ్మలు, నిద్రలో కూడా చెదరనట్టున్న లిప్‌స్టిక్. "మధులత. హల్కా మార్కెటింగ్ హెడ్. రెండేళ్ల కిందట మనమే ఆర్బిస్‌లో ప్రవేశపెట్టాం. మూడు నెలలుగా ఒక్క రిపోర్టు లేదు. మన మనిషిగానే ఉందో, వాళ్ల మనిషి అయిపోయిందో తెలియదు. నమ్మకు."

"కోడ్?"

"గోదారి మట్టం, రెండేళ్లుగా వాడుతున్నదే. మొదటి హెచ్చరిక అంటే జాగ్రత్త. రెండోది అంటే మనుషులు కావాలి. మూడోది అంటే మేమంతా అన్నీ వదిలి పరుగెత్తుకు రావడమే."

భద్రాచలంలో వరద వస్తే జారీ చేసే హెచ్చరికలవి. ఏప్రిల్‌లో గోదారి ఇసుకమేటలతో ఎండి ఉంటే వరద గురించి మాట్లాడటం ఏం తెలివో జంపయ్యకు అర్థం కాలేదు. 

మరునాడు పొద్దుగూకేసరికి మణుగూరులో అన్న క్వార్టర్ గడపెక్కాడు. మంగయ్య మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. కాలి బొటనవేలికి కట్టు.

"ఏందన్నా గిది?"

"బూటు కరిచింది తమ్మీ. రెండు నెలలాయె, మానుతలేదు." మంగయ్య నవ్వాడు. "షుగర్ కూడ సమజైతలేదురా. ఒకనాడు మూడు వందల ఎనభై అంటరు, ఇంకొకనాడు అరవై అంటరు. నా డంపర్ లెక్కనే ఎక్కుతది, దిగుతది."

"హల్కా బంద్ చెయ్యన్నా. మంచిది కాదంటున్నరు."

"ఎవడంటున్నడు? నీకేం తెలుసు, ఇత్తనాలమ్ముకునేటోనికి! దొరసాని లెక్క ఆ మధులత మేడం వచ్చి మా షిఫ్టుల అందరి పేర్లు రాసుకుని ఒక్కొక్కరికి ఒక్కో సీసా ఇచ్చిపోతది. చక్కెర లేదు, తియ్యగుంటది. ఏడేండ్ల సంది చాయ్ చప్పగ తాగుతున్న. ఇన్నాళ్లకు నోరు జర తీపైతే నీ కండ్లు మండుతున్నయా?"

 జంపయ్య అన్న ముఖంలో ఆ తీపి కోసం ఉన్న ఆశ చూశాడు. నిజం చెబుదామా? చెబితే రేపు పొద్దునకల్లా షిఫ్టంతా తెలుస్తుంది, క్రేగ్ సర్దుకుని పోతాడు, ఒంట్లోకి ఏం పోయిందో ఎప్పటికీ తెలియదు.

అన్న నిద్రపోయాక కిటికీలో ఉన్న సగం సీసా తీసి పెన్ను ముంచాడు. ఎరుపు వెలిగింది. వెంటనే ఆకుపచ్చ కూడా వెలిగింది. రెండూ కలిసి పెళ్లిపందిరి లైట్లలా మిణుకుమిణుకుమన్నాయి. మళ్లీ ముంచాడు. మళ్లీ అంతే. అడుగున ఏదో తేలుతోంది. వేలితో తీసి చూశాడు. నిమ్మగింజ.

ఫ్యాక్టరీలో మూత బిగించిన సీసాలోకి నిమ్మగింజ ఎలా వచ్చింది?

ఫోన్‌లో సునంద విసుక్కుంది. "చక్కెరా, కె-నైనూ ఒకే సీసాలో? అర్థం లేదు. నిన్ను దారి తప్పించడానికి ఎవరో కలిపి పెట్టారు. నువ్వొచ్చావని మధులతకు తెలిసిపోయిందేమో. మట్టం ఎంత?"

"మొదటి హెచ్చరిక మేడం."

జంపయ్యకు నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దాకా నిమ్మగింజను అరచేతిలో పెట్టుకుని అందరినీ అనుమానించాడు. ఇంట్లోకి ఎవరొచ్చారు? పక్క క్వార్టర్ వాడా? పాలవాడా? ఛీ, చివరికి వదినె మీద కూడా ఒక్క క్షణం అనుమానం పోయింది. తన బుద్ధికి తానే సిగ్గుపడి ఆ గింజను చొక్కా జేబులో వేసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఒకటిన్నర. భద్రాచలం కరకట్ట పక్కన హల్కా కంపెనీ గెస్ట్‌హౌస్. జంపయ్య ఈసారి డీలర్‌షిప్ కోసం వచ్చిన కిరాణా వ్యాపారి. చెవిలో పువ్వు, నుదుట బొట్టు, మెడలో లావుపాటి గొలుసు. గొలుసు గిల్టుది, సెక్షన్ ఫోర్ బడ్జెట్ అంతే మరి.

మధులత ఫోటోలో కంటే అందంగా ఉంది. ఆడదాని అందానికి కరిగిపోకూడదని ట్రైనింగ్‌లో రెండు వారాలు క్లాసులు చెప్పారు. ఆ రెండు వారాలూ జంపయ్యకు కామెర్లు వచ్చి సెలవులో ఉన్నాడు.

"తీసుకోండి, చల్లగా ఉంది" అని హల్కా సీసా అందించింది. తను మాత్రం పక్కనున్న స్టీలు చెంబులో మజ్జిగ తాగింది. సొంత సరుకు నోట పెట్టని వ్యాపారిని ఎలా నమ్ముతాం? జంపయ్య చూపు కిందికి జారింది. ఆమె తెల్లచెప్పుల అంచులకు ఎర్రటి పొడి పట్టి ఉంది. తన మోచెయ్యి ఇంకా మండుతూనే ఉంది, ఆ ఎరుపు ఏమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మిర్చి యార్డు.

"ఈమధ్య ఖమ్మం పోయిండ్రా మేడం?" అన్నాడు అమాయకంగా.

మధులత చెంబు కింద పెట్టింది. "గోదారి మట్టం ఎంత, శెట్టిగారూ?"

జంపయ్య చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి పోయింది.

"తీయకండి. చీఫ్ పంపిన మనిషని గొలుసు చూడగానే తెలిసింది. నిజమైన శెట్టి గిల్టు వేసుకోడు." గొంతు తగ్గించింది. "కోటేష్ నా మనిషి. ఆ సీసా ఇచ్చింది నేనే. యార్డులో వాణ్ని కలవాలని వెళ్లాను. నేను వెళ్లేసరికి బస్తా చుట్టూ జనం. వాడి ముఖం కూడా చూడలేకపోయాను." ఆమె కళ్లు తడిశాయి. నటనో, నిజమో జంపయ్య తేల్చుకోలేకపోయాడు.

"మూడు నెలలు రిపోర్టు ఎందుకు లేదు?"

"నా ఫోన్ క్రేగ్ డ్రైవర్ చేతిలో ఉంటుంది. సూది పొడిచింది వాడే, సోమవారం నుంచి తుమ్ముతూనే ఉన్నాడు. వినండి, టైం లేదు. ఇది ట్రయల్. మణుగూరు గనిలో షిఫ్టు మనుషుల్ని రెండు గ్రూపులు చేశాడు. ఏ-గ్రూపు సీసాల్లో ఉత్త చక్కెర. బీ-గ్రూపు సీసాల్లో కె-నైన్. బయటికి రెండూ ఒకటే, మూత కింద నంబరు తప్ప. ఎవరికి ఏం ఇస్తున్నాడో తాగేవాళ్లెవరికీ చెప్పడు."

"షుగర్ ఉన్నోళ్లకు చక్కెర తాగిపిస్తున్నడా?" జంపయ్య వేషం మరిచి సొంత గొంతుతో అరిచాడు.

"అవును. పోలిక చూడాలి కదా వాడికి. అది ఒక నేరం. ఇవాళ్టిది ఇంకోటి. మూడు గంటలకు షిఫ్టు మారేటప్పుడు ఆఖరి రౌండు. బీ-గ్రూపు సీసాల్లో నలభై రెట్లు డోసు. నాలుగింటికి రక్తం శాంపిళ్లు తీసుకుని వెళ్లిపోతాడు. కంగారు పడకండి, బీ-గ్రూపులో ఉన్న ఇరవై మందీ కుర్రవాళ్లు, షుగర్ లేనివాళ్లు. లిస్టు నేను స్వయంగా చూశాను. వాళ్లకు కళ్లు తిరుగుతాయి, అంతే. గ్లూకోజ్‌తో అంబులెన్స్ కూడా సిద్ధంగా పెట్టాను. వాళ్లు తాగగానే క్రేగ్‌ను సాక్ష్యంతో సహా పట్టుకుంటాను. ముందే పట్టుకుంటే కాయితాలు కాల్చేసి, హెల్త్ క్యాంపు అని బయటపడతాడు."

లెక్క సరిగానే ఉంది. కానీ జంపయ్యకు ఎక్కడో ముల్లు గుచ్చుకుంటోంది. షుగరున్న అన్న ఏ-గ్రూపు అయితే ఆ సీసాలో ఆకుపచ్చ ఒక్కటే వెలగాలి. ఎరుపు ఎందుకు వెలిగింది? షుగర్ ఒకనాడు ఎక్కి, ఒకనాడు దిగడం ఏమిటి?

చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబులోకి పోయింది. వేలికి నిమ్మగింజ తగిలింది.

ఒక్కసారి కళ్లముందు, అదే గనిలో పనిచేసిన వాళ్ల నాన్న కనపడ్డాడు. నలభై అయిదు డిగ్రీల ఎండ. గని అంచున రేకుల షెల్టర్. దిగే షిఫ్టు, ఎక్కే షిఫ్టు కలుసుకునే పదిహేను నిమిషాలు. అంత ఎండలో ఒక్కో మనిషికి చల్లనీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే అందరూ కలిసి ఒక్క ఐసు దిమ్మ తెప్పిస్తారు. నీలం డ్రమ్ములో దాన్ని పెట్టి, ఎవరి దగ్గరున్న షర్బతు వాళ్లు దాని మీదే పోస్తారు. ఇరవై నిమ్మకాయలు పిండుతారు, గుప్పెడు ఉప్పు వేస్తారు. తర్వాత ఎవరి సీసా ఎవరిదీ కాదు. మిగిలింది ఎవరి సీసాలో వాళ్లు నింపుకుని ఇంటికి తీసుకుపోతారు. విడిగా కూర్చుని తాగేవాడిని 'కడుపుల రాయున్నోడు' అని ఏడాది పొడుగునా ఎక్కిరిస్తారు.

"మేడం," అన్నాడు. "వాళ్లు సీసాల్లో తాగరు."

"ఏంటి?"

"అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తరు. ఐసు మీద. మొదటి గ్లాసు షుగర్ ఉన్నోళ్లకే ఇస్తరు, రెండో గ్లాసు కూడ వాళ్లకే. చక్కెర లేని డ్రింకు గదా, పాపం వీళ్లకు వేరే తీపి లేదు గదా అని!"

మధులత ముఖం పాలిపోయింది. లిస్టు ఎంత జాగ్రత్తగా చూసినా డ్రమ్ము అందులో లేదు. హైదరాబాద్‌లో పుట్టిన మనిషికి ఆ డ్రమ్ము సంగతి ఎవరు చెప్తారు?

టైం రెండూ పది. గని నలభై కిలోమీటర్లు.

మధులత కంపెనీ కారు గోదారి వంతెన దాటి సారపాక మలుపులో రెండు చక్రాల మీద తిరిగింది. జంపయ్య ఒక చేత్తో డ్యాష్‌బోర్డు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చేస్తున్నాడు. గనిలోకి ఫోన్లు పోనివ్వరు, అన్నకు చేసి లాభం లేదు. గని ఆఫీసుకు చేయడానికి సునంద ఒప్పుకోలేదు. ఆ క్యాంపుకు లోపలి నుంచి ఎవరు సాయం చేశారో తెలియదు, ఫోన్ ఎత్తేవాడే క్రేగ్ మనిషి కావచ్చు. అంబులెన్స్‌కు చేస్తే దాని డ్రైవర్ ఫోన్ స్విచాఫ్.

"మూడో హెచ్చరిక మేడం!" అని ఆమెకు చెప్పి పెట్టేశాడు.

అప్పుడు సైదమ్మ గుర్తొచ్చింది. గని గేటు ముందు చాయ్ హోటల్ ఆమెది. ఐసు దిమ్మ పంపేది ఆమే.

"సైదక్కా, నేను మంగయ్య తమ్మున్ని. ఇయ్యాల ఐసు పంపకు!"

"ఎందుకురా?"

"పంపకు అక్కా, నీకు దండం పెడ్త. ఐసు లేకుంటె ఎవ్వరు ఆ సీసాలు ముట్టరు."

"ఓరి నీ పాడుగాను, ఐసు కరిగితె పైసలు నువ్విస్తవా? సరె తియ్, నీ గొంతు సూస్తె ఏడ్సేటట్టున్నవ్. పంపనులే."

జంపయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అశ్వాపురం దాటాక రోడ్డు సగం మేర ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. మధులత వేగం తగ్గించింది. ఆ తీపి వాసన కారంతా నిండింది. అడవిలో రాలిన ఆ పువ్వుకు లేబుల్ లేదు, గ్రూపు లేదు. ముసలామె ఒకతె తట్టతో పూలు పక్కకు ఎత్తి దారి ఇచ్చేదాకా ఆగక తప్పలేదు. నాలుగు నిమిషాలు పోయాయి.

సైదమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "నేను పంపలె తమ్మీ. కానీ ఆ తెల్లదొర, డాక్టరు, సొంత బండిల ఐసు దిమ్మ ఏసుకుని లోపలికి పోయిండు. ఐసు లేక ఎవ్వరు తాగుతలేరని ఎవరో చెప్పిండ్రంట."

కారు గని గేటు దగ్గరికి వచ్చేసరికి రెండు యాభై ఎనిమిది. గేటు గట్టు మీద ఉంటుంది. కింద మూడు వందల గజాల దూరంలో రేకుల షెల్టర్, నీలం డ్రమ్ము, చుట్టూ నలభై మంది. క్రేగ్ తెల్లకోటు వేసుకుని, పక్కన ఐసు పెట్టెతో, మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. డ్రమ్ములో సీసాలన్నీ కుమ్మరిస్తుంటే చూసి నవ్వుతున్నాడు. ఆచారం అనుకున్నాడేమో, సీసాలు ఐసులో చల్లబరుస్తున్నారు అనుకున్నాడేమో. అందులో తన ప్రయోగమంతా కలిసిపోతోందని ఆ మహానుభావుడికి తోచనేలేదు.

సెక్యూరిటీ గార్డు ద్వాలి చెయ్యి అడ్డం పెట్టింది. "పాస్ ఏది?"

"ద్వాలక్కా, అన్నకు పానం మీదికొచ్చింది!"

"ఎవలికొచ్చినా పాస్ ఉండాలె."

కింద మొదటి గ్లాసు నిండింది. ఎవరో దాన్ని మంగయ్యకు అందించారు. ఎందుకు అందించారో జంపయ్యకు తెలుసు. ప్రేమతో. మంగయ్య గ్లాసు తీసుకుని, గుంపు వైపు ఒకసారి ఎత్తి చూపించి, నోటి దగ్గరికి తెచ్చుకుంటున్నాడు. అరిచినా డంపర్ల హోరులో వినపడదు. పరుగెత్తినా అందదు. పిస్తోలు పేల్చినా ఆ హోరులో ఎవరు తల తిప్పుతారు?

గేటు క్యాబిన్ గోడకు ఎర్రటి డబ్బా కనపడింది. బ్లాస్టింగ్ సైరన్.

"ఏయ్! బ్లాస్టింగ్ నాలుగింటికి! టైం గాకుండ కొడితె..." ద్వాలి మాట పూర్తి కాలేదు. జంపయ్య అద్దం పగలగొట్టి మీట కిందికి లాగేశాడు.

గనిలో మందు పేల్చే ముందు మోగే సైరన్ అది. అది మోగితే చేతిలో అన్నం ముద్ద ఉన్నా సరే అక్కడే వదిలి పరుగెత్తాలి. 'సైరన్ మోగినంక ఆలోచించెటోడు బతకడు' అని నాన్న రోజూ చెప్పేవాడు. ఆ మాట మంగయ్య ఒంట్లో ముప్పై ఏళ్లుగా ఇంకిపోయి ఉంది.

గ్లాసు పెదవికి తగిలి, అక్కడే ఆగి, కిందపడింది. నింపుకోవడానికి చాపిన ఖాళీ గ్లాసులన్నీ కిందపడ్డాయి. ఒక్క క్షణంలో షెల్టర్ ఖాళీ. కుంటుతూ మంగయ్య, అతని రెక్క పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు, అందరూ అవతలి గట్టు కిందికి దూకారు.

డ్రమ్ము పక్కన ఒక్క క్రేగ్ మిగిలాడు, చుట్టూ చూస్తూ, ఏం జరిగిందో తెలియక. అతని డ్రైవర్ మాత్రం పారిపోబోయి తుమ్ము ఆపుకోలేక గేటు దగ్గరే దొరికిపోయాడు. పట్టుకుంది ద్వాలి. వాడి దగ్గర కూడా పాస్ లేదు.

మధులత గట్టు దిగి వెళ్లి, హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి క్రేగ్ మెడకు ఆనించింది. "కదలకండి డాక్టర్. ఇది పెదాలకు రాసుకునేది కాదు."

జిల్లా కేంద్రం నుంచి సునంద పంపిన జీపులు దుమ్ము లేపుకుంటూ వచ్చేదాకా క్రేగ్ చిరునవ్వు చెదరలేదు. "ఆలస్యం చేశారు. తొంభై రోజుల డేటా ఈ ఉదయమే వెళ్లిపోయింది. ఏ-గ్రూపు, బీ-గ్రూపు, ప్రతి రక్తపు చుక్కా. నన్ను జైల్లో పెట్టండి. నా తీపి మాత్రం ప్రపంచమంతా తాగుతుంది."

జంపయ్య జేబులోంచి నిమ్మగింజ తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"నీ డేటా. ఈ డ్రమ్ము ఇవాళ కొత్తగా పెట్టింది కాదు డాక్టర్. తొంభై రోజులూ ఉంది. నీ ఏ-గ్రూపు, నీ బీ-గ్రూపు అందరూ అన్నీ తాగారు. నిమ్మకాయ, ఉప్పు కూడా కలిపి. నీ లెక్కల్లో ఎవరి రక్తం ఏం చెబుతుందో ఇంక దేవుడికి కూడా తెలియదు."

క్రేగ్ డ్రమ్ములోకి చూశాడు. ఐసు దిమ్మ మీద నిమ్మతొక్కలు తేలుతున్నాయి. అతని నవ్వు అక్కడ ఆగిపోయింది.

అవతలి గట్టు కింద నలభై మంది ఇంకా పేలని బ్లాస్టింగ్ కోసం చెవులు మూసుకుని కూర్చున్నారు. జంపయ్య అన్న పక్కన కూలబడ్డాడు. అన్న భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు. తర్వాత అంతా చెప్పాడు, చక్కెర సంగతి, కె-నైన్ సంగతి, కోటేష్ సంగతి.

మంగయ్య తన బొటనవేలి కట్టు వైపు చూశాడు. "మూడు నెలలు చక్కెర తాగిపిచ్చిండా నాతోని? గందుకేనా గిది మానలే?"

"అవ్ అన్నా. ఇయ్యాల్నే పెద్ద దవాఖానాకు పోదాం. ఏలు దక్కుతది."

"నువ్వు ఇత్తనాలమ్మెటోనివి గాదన్నమాట."

"గాదన్నా."

"గందుకేనా, పోయినేడు నువ్విచ్చిన బెండ ఇత్తనాలు ఒక్కటి మొలవలే!"

సాయంత్రం సునంద ఫోన్ చేసింది. "శభాష్. మట్టం ఎంత?"

"గోదారి ఎండిపోయి ఉంది మేడం. కాకపోతే చిన్న చిక్కు. వేళ కాకుండా సైరన్ మోగించి, షిఫ్టు ఆపి, అద్దం పగలగొట్టినందుకు గని సేఫ్టీ వాళ్లు నా మీద మెమో రాశారు."

"నేను చూసుకుంటాలే. సాక్షి ఎవరు?"

జంపయ్య మెమో అడుగున చూశాడు. వంకర అక్షరాలతో సంతకం ఉంది: మంగయ్య, డంపర్ ఆపరేటర్. తమ్ముడైతే ఏంది, రూలు రూలే గదా అని ఆయనే అడిగి మరీ పెట్టాడట.